బిగి తగ్గిన కత్తి

సభ మొదలవడానికి గంట ముందు పెట్టె తెరిచారు. పెట్టెలో కత్తి లేదు.

లోపల నీలం మఖమలు గుడ్డ ఉంది. కత్తి పడుకున్న చోట గుడ్డలో పల్లం ఉంది. అంతే. తాళం పగలలేదు. పెట్టె మీద గీత కూడా పడలేదు. పెట్టెతో పాటు తెచ్చిన తాళంచెవితోనే తెరిచారు; రెండోది రోజూ వేలాడే మేకుకే వేలాడుతోందని ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

ఈ వార్త హాల్లోకి వచ్చేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. మడతకత్తులు చేసేవాళ్ళ సంఘం ఏటా జరుపుకునే సభ అది. ఆ ఏడు పెద్దమేస్త్రి తన ఆఖరి కత్తిని అందరి ముందూ పెట్టాలి. ఇక కొత్తవి చెయ్యనని ఆయన ముందే చెప్పేశాడు. ఆయన తమ్ముడు వేదిక ఎక్కి, గొంతు సవరించుకుని, కత్తి కనబడటం లేదని మైకులో చెప్పాడు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి.

ముందు వరసలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. పెద్దమేస్త్రి కత్తులంటే ప్రాణం కాబట్టి అతిథిగా వచ్చింది. ఎవరూ పిలవకముందే, "ఈ కేసు నేను చూస్తాను" అంది.

తర్వాతి రోజుల్లో ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది.

పెద్దమేస్త్రి చేసేవి ఫ్లిప్పర్ కత్తులు. కోసే అలుగు పిడిలోకి మడిచి ఉంటుంది. పిడి వీపు మీద చిన్న మీట ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. చూపుడువేలితో దాన్ని నొక్కి లాగితే అలుగు గిర్రున తిరిగి బయటికొస్తుంది. టక్కుమని లాక్ పడుతుంది. మూసి ఉన్న అలుగు తనంతట తాను బయటికి రాకుండా లోపల ఒక స్టీలు రేకు, ఆ రేకులో పొదిగిన ఆవగింజంత గుండు పట్టి ఉంచుతాయి. ఆ పట్టునే వాళ్ళు బిగి అంటారు. బిగి ఎక్కువైతే వేలు నొప్పెడుతుంది. తక్కువైతే కత్తి జేబులోనే నోరు తెరుస్తుంది. ఎంత బిగి బాగుంటుందన్నది ఎవరి రుచి వాళ్ళది. ఆ రుచుల మీద వాదన పెరిగి మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములు ఆ సంఘంలో ఉన్నారు.

ఒక కట్టుబాటు మాత్రం అందరికీ ఒకటే. కత్తి చేసినవాడే దాన్ని సభలో తెరవాలి. ఒక్క వేలితో తెరవాలి. మణికట్టు కదలకూడదు. లాక్ పడిన చప్పుడు వెనక బెంచీ దాకా వినపడాలి. అప్పుడే ఆ కత్తిని సంఘం ఒప్పుకుంటుంది. ఈ కట్టుబాటు పెట్టింది పెద్దమేస్త్రే. మణికట్టు విదిలించాడని సొంత తమ్ముడి కత్తినే ఒకప్పుడు తిప్పి పంపాడు. తమ్ముడు మళ్ళీ కత్తి చెయ్యలేదు. అన్న చేసినవి అమ్ముకునే షాపు పెట్టుకున్నాడు.

సభ ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్ పెద్దమేస్త్రి ఇంటికి వెళ్ళింది.

ఇంటి వెనకే వర్క్‌షాప్. పొడుగాటి గది. ఒక గోడకు సానరాయి, డ్రిల్లు, అరలు. ఇంకో గోడకు కొలిమి. దాని పక్కన, ఎర్రగా కాల్చిన అలుగును ముంచే నూనె తొట్టి. మాడిన నూనె వాసన గోడల్లోకి ఇంకిపోయింది. పెద్దమేస్త్రి తన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, సభ కోసం వేసుకున్నది, ఇంకా విప్పలేదు.

ముందు రోజు సాయంత్రం తనే కత్తిని పెట్టెలో పెట్టి తాళం వేశానన్నాడు. పొద్దున తమ్ముడొచ్చి పెట్టె తీసుకెళ్ళాడు. మధ్యలో ఆ గదిలోకి వచ్చినవాళ్ళు నలుగురే. తమ్ముడు. కూతురు. అల్లుడు. కత్తి చూసిపోదామని వచ్చిన పళ్ళ డాక్టరు.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మాట మార్చాడు. "నీ కత్తి ఇటివ్వు తల్లీ. నూనె వేసి చాన్నాళ్ళయి ఉంటుంది. రేపు ఇస్తాను."

ఆమె జేబులోంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని తెరవలేదు. బల్ల మీద పెట్టాడు.

ఆ కత్తిని ఆమె మామూలుగా ఎవరికీ ఇచ్చేది కాదు. పోయే ముందు ఏడాది భర్త ఈ వర్క్‌షాప్‌లోనే ఏరి కొనిచ్చిన కత్తి. "బిగి ఎక్కువున్నదే నీకు సరిపోతుంది. తేలిగ్గా లొంగేవి నీకు నచ్చవు" అని నవ్వాడు. ఆయన పోయాక ఆ బిగి ఆమె వేలికి ఒక అలవాటైంది. ఫైళ్ళు చదువుతున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా, వేలు ఆ మీట మీదే ఉండేది.

విచారణ అక్కడే మొదలుపెట్టింది. ఆమెకో నమ్మకం ఉంది. కత్తిని దొంగిలించేవాడు తన చేతికి నచ్చిందైనా తీస్తాడు, తన కంటికి గిట్టనిదైనా మాయం చేస్తాడు. అందుకని అరలోంచి అమ్మకానికున్న కత్తి ఒకటి తీసి, వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ పెట్టింది. తెరవమంది. ఎలాంటిది ఇష్టమో చెప్పమంది.

పళ్ళ డాక్టరు సుతారంగా తెరిచాడు. తనకు బిగి తక్కువుండాలన్నాడు. అలుగు బేరింగుల మీద నీళ్ళలా తిరగాలన్నాడు. మీట చిన్నదిగా, గుండ్రంగా ఉండాలి, జేబు చిరక్కూడదు.

"రోజంతా బిగుసుకుపోయిన నోళ్ళు తెరవడమే నా పని మేడం. కత్తి దగ్గర కూడా అదే అవస్థ పడమంటారా?"

ఆ కత్తి మీద ఆశ ఉందా అంటే, ఉంది, అడిగాను, ఇవ్వనన్నారు, ఇంటికెళ్ళి పడుకున్నాను అన్నాడు.

తమ్ముడు కత్తి అందుకోగానే మణికట్టు విదిలించాడు. అలుగు బయటికి దూకింది. వెంటనే నాలిక్కరుచుకుని అన్న వైపు చూశాడు. అన్న సానరాయి వైపు చూస్తున్నాడు. తనకు పెద్ద మీట, గట్టి బిగి ఇష్టమని, విదిలిస్తేనే చేతికి తృప్తి అని తమ్ముడు చెప్పాడు. పాత కోపం ఉందా అని అడిగితే, "ఉండేది. షాపు అద్దె కట్టడం మొదలెట్టాక దానికి తీరిక లేకపోయింది" అన్నాడు.

కూతురు కత్తి ముట్టుకోలేదు. గుమ్మంలో కూర్చుని తండ్రి చొక్కా ఒకటి కుడుతోంది. బొత్తాల కాజాలు మూసేసి, లోపలి వైపు నొక్కు బొత్తాలు వేస్తోంది. పైన మాత్రం అందానికి అసలు బొత్తాలే ఉంచింది. ఇదేం కుట్టని ఇన్‌స్పెక్టర్ అడిగితే, నాన్నకి తొందరెక్కువ అంది. మడతకత్తులంటే తనకు పడదనీ, వంటింటి కత్తి ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మొచ్చనీ అంది.

చివరికి అల్లుడు వచ్చాడు. ఏప్రాన్ మీద చేతులు తుడుచుకున్నాడు. కత్తి తీసుకుని, మీటను పట్టించుకోకుండా, రెండు చేతులతో అలుగును పట్టి నెమ్మదిగా లాగాడు.

"మీట ఉందిగా," ఇన్‌స్పెక్టర్ అంది.

"అది మా మావయ్య ముద్దు. నాది కాదు. గోటితో పట్టి రెండు చేతుల్తో తెరిచేదే కత్తి. అది తెరిచేలోగా మనిషికి ఒక్క క్షణం ఆలోచన వస్తుంది. ఇదేముంది మేడం, తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. పెద్దవాళ్ళ గిలక్కాయ."

జేబులో కత్తి లేకపోయినా ఆమె వేలు ఒకసారి మీట కోసం కదిలింది.

"అంత గిట్టనప్పుడు ఇక్కడెందుకు పని చేస్తున్నారు?"

"పిల్లనిచ్చారు. పని కూడా ఇస్తామన్నారు. ఒకటి తీసుకుని రెండోది వద్దంటే బాగోదు కదా."

"నిన్న భోజనాలయ్యాక ఇక్కడికొచ్చారా?"

"వచ్చాను."

"ఎందుకు?"

"పనుండి."

"ఏం పని?"

"నా పనే."

ఏప్రాన్ సర్దుకుని సానరాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టర్ ఇల్లంతా వెతికించింది. కానిస్టేబుల్ నూనె తొట్టిలో కూడా ఇనపకడ్డీ పెట్టి తిప్పాడు. మడ్డి తప్ప ఏమీ లేదన్నాడు.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళింది. పెద్దమేస్త్రి ఆమె కత్తిని గుడ్డలో చుట్టి ఉంచాడు. గుడ్డ విప్పాడు. కుడిచేత్తో పట్టుకుని, చూపుడువేలు మీట మీద ఆనించి, ఆమె కళ్ళలోకి చూస్తూ లాగాడు.

టక్.

"ఇంకా మాట వింటోంది" అన్నాడు. ఆమె సంతోషంగా అందుకుంది. పెద్దాయన అంత బాధలోనూ తన కత్తికి నూనె వేశాడని మనసు కరిగింది. ఆయన్ని ఇక ప్రశ్నలతో విసిగించకూడదనుకుంది.

ఆ రోజే షాపులో తమ్ముడు ఒక సొరుగు తెరిచి చూపించాడు. కొన్ని నెలలుగా కొన్నవాళ్ళు తిరిగి తెచ్చిచ్చిన కత్తులు. అన్నింటికీ ఒకటే జబ్బు. బిగి లేదు. జేబులో తెరుచుకుంటున్నాయి. ఒకాయన తొడ కోసుకున్నాడు. అన్నతో చెబితే బాధపడతాడని దాచానన్నాడు.

ఆమె టార్చి వేసి, భూతద్దం పెట్టి చూసింది. పిడి సందులోంచి లోపలి రేకు కనబడుతోంది. రేకు మీద పట్టకారు పట్టిన గుర్తు. గుర్తుకు అడ్డంగా సన్నటి గీత. పట్టకారు పన్ను ఒకటి విరిగి ఉంటే పడే గీత. అన్ని కత్తుల్లోనూ అదే గీత.

వర్క్‌షాప్‌లో పట్టకార్లన్నీ సీసం ముక్క మీద నొక్కి చూసింది. విరిగిన పన్ను అల్లుడి పట్టకారుది.

అప్పటికే ఆమెకు సగం నమ్మకం కుదిరింది. మిగిలిన సగం ఆమె బ్యాగులో ఉంది. ఒక సాయంత్రం తాళాల కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. చూపుడువేలి కొస నుంచి కణుపు దాకా తెగింది. కత్తి బ్యాగులోనే తెరుచుకుని ఉంది. వేలికి కట్టు కట్టుకుని, ఎడమచేత్తో టార్చి పట్టుకుని చూసింది. తన కత్తి రేకు మీదా పట్టకారు గుర్తు. దానికి అడ్డంగా గీత.

భర్త ఏరి ఇచ్చిన బిగి పోయింది.

ఆ కోపంలో ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. దర్యాప్తు పూర్తయిందనుకుంది.

అందర్నీ వర్క్‌షాప్‌కి రమ్మంది. సంఘం పెద్దలు ఇద్దరు కూడా వచ్చి గోడవార నిలబడ్డారు. ఆమె ఆధారాలన్నీ బల్ల మీద పేర్చింది. తిరిగొచ్చిన కత్తులు. సీసం ముక్క. పట్టకారు. తన కత్తి. ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పుకుంటూ వెళ్ళింది. ఫ్లిప్పర్ అంటే గిట్టని మనిషి. మావగారి పేరు చూసి ఓర్వలేని మనిషి. నెలల తరబడి ఆయన పనిని గుట్టుగా పాడుచేస్తూ వచ్చాడు. ఆఖరి కత్తి సభలో గెలిస్తే అది సంఘం బీరువాలో చేరి, ఆ పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే మాయం చేశాడు. తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లోవాడికి వేరే చెప్పాలా?

బాగా చెప్పింది. తను బాగా చెబుతున్నానని చెబుతుండగానే ఆమెకు తెలిసింది.

అల్లుడు ఆ సేపంతా ఏప్రాన్ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. అంతా అయ్యాక ఒక్కసారి మావగారి వైపు చూశాడు. మావగారు నేల చూపులు చూస్తున్నాడు.

"సరే. నేనే అనుకోండి" అన్నాడు అల్లుడు.

"కత్తి ఏం చేశారు?"

"అదీ మీరే చెప్పండి మేడం. ఇంతవరకూ అన్నీ మీరే చెప్పారుగా."

కూతురు గుమ్మంలోంచి లేచి వచ్చింది. "ఏవండీ, నిజమేనా?"

అతను భార్యను చూసి నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె వెనక్కి తగ్గింది.

సంఘం పెద్దలు అప్పటికప్పుడు మాట్లాడుకున్నారు. అతని పేరు సంఘంలోంచి తీసేశారు. ఆ ఊళ్ళో గానీ, చుట్టుపక్కల గానీ, దొంగ అని సంఘం తేల్చినవాణ్ణి ఎవరూ సానరాయి దగ్గర నిలబడనివ్వరు. చేతిలో ఉన్న విద్య అంతటితో ముగిసినట్టే. కేసు కోర్టు దాకా తీసుకెళ్ళొద్దని తమ్ముడు బతిమాలాడు. ఇంటి పరువు అన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంది. అరెస్టు చెయ్యకుండా వదిలేసి, పెద్దమనసు చూపించాననుకుంది.

అల్లుడు ఏప్రాన్ విప్పి, మడిచి, స్టూలు మీద పెట్టాడు. పట్టకారు బల్ల మీదే ఉండిపోయింది. అడగలేదు. భార్యను రమ్మని కూడా అడగలేదు. వెళ్ళిపోయాడు.

వారం గడిచింది.

వేలికి ఇంకా కట్టు ఉంది. స్టేషన్‌లో ఒక పార్సిల్ తాడు తెంచాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అలవాటుగా కత్తి తీసింది. చూపుడువేలు పనికి రాదు. చిటికెనవేలు మీట మీద పెట్టింది.

టక్.

ఆమె తాడు తెంచలేదు. కత్తి మూసి, మళ్ళీ చిటికెనవేలితో తెరిచింది. ఎడమచేతి చిటికెనవేలితో తెరిచింది. ప్రతిసారీ తెరుచుకుంది. బిగి ఉంది. పూర్తిగా పోలేదు. తలకిందులుగా పట్టుకుంటే అలుగు జారడం లేదు. బ్యాగులో తాళాల గుత్తి మీటకు తగిలి తెరుచుకుందన్నమాట. రేకును కొంచెం వంచి, చూసుకుని, ఇంకొంచెం వంచి, సరిగ్గా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు.

కత్తిని పాడుచెయ్యాలనుకున్నవాడు ఇంత ఓపిక పడడు. బలం లేని వేలికి ఈ కత్తి తెరుచుకోవాలి. ఆ కోరికతో చేసిన పని ఇది.

ఎవరి వేలికి?

ఆమె అందరి చేతిలోనూ కత్తి పెట్టింది. తెరిచి చూపించమంది. ఒక్కరిని అడగలేదు. అడగకపోవడాన్ని గౌరవం అనుకుంది. ఆయన తెరిచింది ఒకే ఒక్క కత్తి. అది ఆమె కత్తి. అది ఒక రాత్రంతా ఆ వర్క్‌షాప్‌లో ఉండి వచ్చిన కత్తి.

నొక్కు బొత్తాలు కుట్టిన చొక్కా ఆమె కళ్ళ ముందుకొచ్చింది. ఆ చొక్కాని చూసింది. ఇదేం కుట్టని నోరు తెరిచి అడిగింది కూడా.

పక్క కుర్చీలో ఎవరూ లేకపోయినా ఇన్‌స్పెక్టర్ ముఖం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ అందర్నీ పిలిచింది. తమ్ముడు. కూతురు. పళ్ళ డాక్టరు. గోడవార అవే సంఘం పెద్దలు. అల్లుడి స్టూలు మీద మడిచిన ఏప్రాన్ అలాగే ఉంది. ఎవరూ తియ్యలేదు.

వాళ్ళు రాకముందే ఆమె పెద్దమేస్త్రి దగ్గర ఒంటరిగా నిలబడింది. మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా అని అడిగింది. ఆయన సానరాయి తుడుస్తూ ఉండిపోయాడు. ఆమెకు ఇంకో దారి కనబడలేదు. ఒక మనిషి మీద పడిన మచ్చ తుడవాలంటే ఇంకో మనిషిని నలుగురిలో నిలబెట్టాలి. తను నోరు జారకపోతే ఈ పరిస్థితి ఎవరికీ వచ్చేది కాదు.

"వారం కిందట ఇక్కడ నేను చెప్పినదంతా తప్పు" అని మొదలుపెట్టింది.

ఈసారి బాగా చెప్పలేకపోయింది. మధ్యమధ్య ఆగింది. పెద్దమేస్త్రి కుడి చూపుడువేలికి సత్తువ పోయి కొన్నాళ్ళయింది. బొత్తాలు పెట్టుకోలేకపోతుంటే కూతురు గమనించి నొక్కు బొత్తాలు కుట్టింది. ఈ వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి ఉంది, ఏ కత్తయినా షాపుకి వెళ్ళే ముందు పెద్దమేస్త్రి స్వయంగా తెరిచి చూడాలి. అల్లుడు ముందు రోజు రాత్రి ప్రతి కత్తికీ బిగి తగ్గించి పెట్టేవాడు. పొద్దున మావగారు తెరిచేవాడు. టక్కుమనేది. తర్వాత మళ్ళీ రేకు సరిచేసి పంపేవాడు. ఎప్పుడైనా తమ్ముడు తొందరపడి ముందే పట్టుకుపోతే ఆ కత్తులు అలాగే అమ్ముడుపోయేవి. అవే తిరిగొచ్చాయి.

"ఆఖరి కత్తిని మాత్రం ఈయన ఎవర్నీ ముట్టనివ్వలేదు. బిగి తనే పెట్టారు. పాత చేతికి సరిపోయే బిగి. పెట్టెలో పెట్టే ముందు తెరిచి చూసుకుని ఉంటారు."

కొలిమి పక్కన ఎక్కడో నూనె బొట్టు పడిన చప్పుడైంది.

"అప్పుడు రెండు సంగతులు తెలిసి ఉంటాయి" అంది ఇన్‌స్పెక్టర్. "వేలు పోయిందని. ఇన్నాళ్ళూ తెరిచిన కత్తులు తన వేలు తెరిచినవి కావని."

పెద్దమేస్త్రి లేచాడు. కుడిచేతి మణికట్టు దగ్గర నొక్కు బొత్తాన్ని ఎడమచేత్తో ఊడదీశాడు. చొక్కా చేతిని భుజం దాకా పైకి లాక్కున్నాడు. కొలిమి పక్కకు నడిచి నూనె తొట్టిలో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాటి మునిగింది. అడుగున మడ్డి కింద తడుముకున్నాడు. చెయ్యి బయటికొచ్చేసరికి నల్లటి నూనె కారుతూ పిడికిట్లో కత్తి ఉంది. నీళ్ళలో పారెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. తుప్పు పడుతుంది.

"సభలో వేలు ఆడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఎంతమందిని నేనే కిందికి దింపేశాను" అన్నాడు.

తమ్ముడు తొట్టి వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఒక్కసారి మణికట్టు విదిలిస్తే అయిపోయేది కదా అన్నయ్యా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే పెద్దాయన భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి.

"అతను వెళ్తుంటే ఎందుకు ఊరుకున్నారు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది. అడిగే హక్కు తనకు లేదని తెలిసే అడిగింది.

"కోపం తల్లీ. నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించాడని కోపం. నీ కత్తికి కూడా బిగి తగ్గించి పెట్టాడు. నీ ముందు నా పరువు పోకూడదని. పొద్దున దాన్ని పట్టుకుంటే నాకు తెలిసిపోయింది. తెలిసే నీకు తెరిచి చూపించాను." చేతిలోని కత్తి వైపు చూసుకున్నాడు. "ఆ రోజు నువ్వు అంత నమ్మకంగా చెబుతుంటే, కాసేపు నాకూ నిజమేననిపించింది. అనిపించడం హాయిగా ఉండింది."

ఇన్‌స్పెక్టర్ తల దించుకుంది.

కూతురు చేతిలోని సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. నాన్న వేలి సంగతి తనకు తెలుసంది. కత్తి సంగతి తెలియదంది. మళ్ళీ తనే సరిదిద్దుకుంది.

"తెలియదని కాదు. తెలుసుకుంటే ఎవరో ఒకరి పక్కన నిలబడాలి. అందుకని తెలుసుకోలేదు. ఆ రోజు మా ఆయన నవ్వారు చూడండి, నా వంక చూసి. ఆ నవ్వుకి అర్థం నాకు అప్పుడే తెలుసు."

పళ్ళ డాక్టరు లేచి, ఎవరి వైపూ చూడకుండా, తన రుమాలు తీసి పెద్దమేస్త్రి చేతికిచ్చాడు. ఆయన చెయ్యి తుడుచుకోలేదు. కత్తి తుడిచాడు. మూసి ఉన్నదాన్ని మూసి ఉన్నట్టే బల్ల మీద పెట్టాడు. దాన్ని తెరవమని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

సంఘం పెద్దలు అల్లుడి పేరు మళ్ళీ చేర్చారు. తమ్ముడు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు. అల్లుడు విన్నాడట. మంచిది చిన్నమావయ్యా అని పెట్టేశాడట. కూతురు రెండు చీరలు సర్దుకుని భర్త దగ్గరికి వెళ్ళింది. అతను వేరే ఊళ్ళో బస్సులకు బాడీలు కట్టే యార్డులో కిటికీ ఫ్రేములు బిగిస్తున్నాడు. తిరిగి రానన్నాడు. కత్తి పని ఇక చెయ్యనన్నాడు. ఎందుకని భార్య అడిగితే, అక్కడ అందరూ మాట్లాడతారు, ఇక్కడ రివెట్లు కొట్టే చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, నిద్ర బాగా పడుతోంది అన్నాడట. ఆమె కూడా అక్కడే ఉండిపోయింది.

పెద్దమేస్త్రికి ఇప్పుడు తమ్ముడే చొక్కా తొడుగుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కూతురి దగ్గర యార్డు అడ్రసు తీసుకుంది. ఒక సెలవు రోజు బస్సెక్కి వెళ్ళింది. గేటు దాకా వెళ్ళింది. లోపల సగం కట్టిన బస్సు నీడలో పనివాళ్ళు కూర్చుని టీ తాగుతున్నారు. అల్లుడు వాళ్ళ మధ్య ఏదో చెబుతున్నాడు. వాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. అతను పోలీసుల చేతిలో పడ్డ మనిషని అక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడు తను లోపలికి వెళ్తే తెలుస్తుంది. అతని మేలు కోసమే వెనక్కి వెళ్తున్నానని ఆమె తనకు తాను చెప్పుకుంది. బస్టాండు చేరేలోపే ఆ మాటను తనే నమ్మలేకపోయింది.

కేసు మూసేశారు. అతన్ని క్షమాపణ అడగడం మాత్రం ఇంకా జరగలేదు.